శ్రీరంగపట్టణపు దొడ్డస్వామి : ఆబే డ్యుబువా జీవితము, సేవ

కన్నడసీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి శ్రీరంగపట్టణము క్రొత్త ఊరు కాదు. కావేరీనది రెండు పాయలై మరల నొక్కటి యగు నడిమిదీవిలో వెలసిన రంగనాథస్వామిని సేవింపనివారు మనలో అరుదు. సంగమమున మునుగుట, కోటను చూచుట, టిప్పు సుల్తాను పడిన తావును చూచుట మన యాత్రికులకు పరిపాటి. అయితే ఆ దీవికి తూర్పుభాగమున గంజాం అను పేట కలదు. అందొక చిన్న క్రైస్తవ దేవాలయము కలదు. దానిని నేటికిని ఆబే డ్యుబువా పేరుతో వ్యవహరింతురు. ఆ పేరుగల గురువు ఎవరు? పాడుపడిన పట్టణమున ఆయన చేసిన పని యేమి? ఆయన పేర లోకప్రసిద్ధమైన గ్రంథమునకును తెలుగుదేశమునకును గల సంబంధ మెట్టిది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటనే ఒక మాట మనవి చేయవలెను. ఒడిశాలోని మన తెలుగు సోదరులు గంజాం అనగానే తమ జిల్లాను తలచుకొందురు. ఇది వేరు, అది వేరు. ఈ గంజాం టిప్పు సుల్తాను తన రాజధాని ప్రక్కన వెలయించిన పేట. శీరా పట్టణమునుండి వేలకొలది కుటుంబములను బలవంతముగా తరలించి ఇచట కాపురముంచెనని మైసూరు చరిత్ర చెప్పుచున్నది. అనగా ఈ పేట పుట్టుకయే ఊరు విడిచి వచ్చినవారి దుఃఖముతో ముడిపడి యున్నది. ఇట్టి పేటకు గురువైనవాడు తానును ఊరు విడిచి వచ్చినవాడే.

విచారణ గురువు పని

మన కథోలిక క్రైస్తవులు ఒక దేవాలయమునకు చెందిన జనసముదాయమును ‘విచారణ’ అందురు. దానిని చూచుకొను పూజారిని ‘విచారణ గురువు’ అందురు. ఇది చక్కని తెలుగు మాట. విచారించుట అనగా క్షేమసమాచారములు అడుగుట, బాగోగులు కనుగొనుట. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానము, పెరిగిన బిడ్డకు సత్యోపదేశము, వయసు వచ్చినవారికి వివాహము, తప్పు చేసినవానికి పాపసంకీర్తనము, మరణించువానికి అవస్థాభ్యంగనము, ఇవన్నియు ఆయన చేతిమీదుగా జరుగవలెను. ఆదివారమున దివ్యపూజ సమర్పించుట యొక్కటే ఆయన పని కాదు. తగవులు తీర్చుట, దిక్కులేనివారికి దిక్కగుట, జనన వివాహ మరణములను దస్తరములలో వ్రాసియుంచుట గూడ ఆయన పనులే. పెద్ద నగరములలో ఈ పనులు పలువురు పంచుకొందురు. చిన్న ఊరిలో అన్నిటికిని ఒక్కడే. కావున చిన్న ఊరి గురువుయొక్క చరిత్ర వ్రాయుట యనగా ఆ ఊరి చరిత్ర వ్రాయుటయే యగును.

ఫ్రాన్సునుండి పుదుచ్చేరికి

ఝాన్ ఆంత్వాన్ డ్యుబువా దక్షిణ ఫ్రాన్సునందలి ఆర్దేష్ ప్రాంతమున, సేన్ రెమేజ్ అను పల్లెలో జన్మించెను. ‘ఆబే’ అనునది ఆయన పేరులోని భాగము కాదు. ఫ్రెంచివారు తమ గురువులను గౌరవముతో పిలుచు బిరుదము. మనము ‘అయ్యవారు’ అన్నట్లు. 1792వ సంవత్సరమున వివియే పీఠమునందు గురుపట్టము పొంది, ఆ యేటనే స్వదేశమును విడిచెను. అప్పుడు ఫ్రాన్సు విప్లవాగ్నిలో మండుచుండెను. క్రొత్త ప్రభుత్వమునకు విధేయతా ప్రమాణము చేయని గురువులు దేశభ్రష్టులగుచుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో పారిసు చెరసాలలయందు పలువురు గురువులు వధింపబడిరి.

ఆయనను పంపిన సంఘము పారిసునందలి విదేశ ప్రచార సంఘము. అంతకు పూర్వము దక్షిణ భారతమున ఫ్రెంచి ఏసుసభ గురువులు కర్ణాటక మిషను అను పేర పనిచేయుచుండిరి. 1773లో పోపుగారు ఏసుసభను రద్దుచేసిరి. 1776లో వారి మిషను పారిసు సంఘమువారికి సంక్రమించెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

1793లో ఆయన పుదుచ్చేరి చేరెను. మన యానాము వలెనే అదియు ఫ్రెంచివారి స్థావరము. కాని ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే ఆంగ్లేయులు దానిని ముట్టడించి పట్టుకొనిరి. అనగా ఈ యువ గురువు అడుగిడిన కొలదికాలమునకే ఆయన కాలిక్రింది నేల శత్రురాజ్యమయ్యెను. స్వదేశమునకు మరలుటకు దారి లేదు. ఉన్నచోట స్వజాతి ప్రభుత్వము లేదు. అట్టి స్థితిలో ఆయన ఎన్నుకొన్న మార్గము జనులలో కలిసిపోవుట. ఈ దేశపు ఉడుపు ధరించెను, తలపాగా చుట్టెను, గడ్డము పెంచెను, మాంసాహారము మానెను. తరువాతి కాలమున ఆయనను థామస్ హిక్కీ అను ఐరిషు చిత్రకారుడు చిత్రించెను. మదరాసు సాహిత్య సంఘమున నుండిన ఆ చిత్రమునందలి ఆకృతిని చూచినవారు పరదేశి యనుటకు సందేహింతురు.

కోట పడిన తరువాత

1784లో టిప్పు సుల్తాను మంగళూరు ప్రాంతపు క్రైస్తవులను వేలకొలదిగా చెరపట్టి శ్రీరంగపట్టణమునకు నడిపించెను. దారిలో మరణించినవారు మరణింపగా, మిగిలినవారిలో అనేకులు బలాత్కారముగా మతము మార్చుకొనవలసివచ్చెను. వారి గురువులను దేశమునుండి వెడలగొట్టిరి. పదునైదు సంవత్సరములు వారికి దేవాలయము లేదు, గురువు లేడు. ఆ కాలమున పుట్టిన బిడ్డలకు తలిదండ్రుల మతమేమో సరిగా తెలియదు.

1799లో కోట పడినపిమ్మట, అచటి ఆంగ్ల సైన్యాధికారియు, తరువాత వెల్లింగ్టను ప్రభువని ప్రసిద్ధుడైనవాడును అగు కర్నలు ఆర్థరు వెల్లెస్లీ ప్రోత్సాహముతో డ్యుబువా ఆ పట్టణమునకు వచ్చెను. ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును ఘోరమైన యుద్ధము జరుగుచున్న రోజులవి. అట్టి సమయమున ఒక ఆంగ్ల సేనాని ఒక ఫ్రెంచి గురువును రప్పించుట ఆశ్చర్యకరము. జనుల మనస్సులు కుదుటపడుటకు ఖడ్గము చాలదని ఆయన గ్రహించి యుండవలెను.

డ్యుబువా చేసిన మొదటి పని చెదరినవారిని వెదకి పోగుచేయుట. బలవంతముగా మతము మార్చబడినవారిలో ఇంచుమించు 1,800 మంది ఆయన కాలమున మరల క్రైస్తవ సంఘమున చేరిరి. ఇది మాటలతో జరుగు పని కాదు. ఒక్కొక్క కుటుంబమును కలిసికొనవలెను, భయమును పోగొట్టవలెను, లజ్జను పోగొట్టవలెను. ఒకప్పుడు లొంగిపోయితిమను సిగ్గు పగవాని కత్తికంటె లోతుగా కోయును. వారిని దండింపక, ఉపదేశించి, పాపసంకీర్తనము విని, చేర్చుకొనుట విచారణ గురువు చేయవలసిన పని. గంజాం పేటలో ఆయన నిలిపిన దేవాలయము ఈ పునస్సంఘటనకు కేంద్రమయ్యెను.

ఆ పట్టణ మప్పటికే క్షీణించుచుండెను. మైసూరు పాలకులు రాజధానిని మైసూరునకు మార్చిరి. దీవిలో చలిజ్వరములు ప్రబలి ఆంగ్ల సైనికులు రాలిపోవుచుండగా, దండును బెంగుళూరునకు తరలించిరి. సైన్యము పోగానే వర్తకులు పోయిరి, వర్తకులు పోగానే పనివాండ్రు పోయిరి. ఉన్నవారు పేదలు. డ్యుబువా ఆ పేదలతో ఉండి, చుట్టుప్రక్కల ఊళ్లకు తిరుగుచుండెను. బెంగుళూరులో నేడు శివాజీనగరమునందలి సుప్రసిద్ధ మరియమ్మ దేవాలయమునకు మూలమైన పూరిగుడిసెలో పూజలు జరిపినదియు, 1813లో అచట ప్రార్థనామందిరము కట్టించినదియు ఈయనయే. మైసూరు జనులు ఆయనను ‘దొడ్డస్వామియవరు’ అని పిలిచిరి. కన్నడమున దొడ్డ అనగా పెద్ద. మన తెలుగులోను ‘దొడ్డమనసు’ అందుము గదా!

మశూచికముతో పోరాటము

ఆయన సేవలలో మతభేదము లేక ఎల్లరకు ఉపకరించినది టీకాలు వేయించుట. మశూచికము ఆనాడు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెడిది. ‘అమ్మవారు పోసినది’ అనుటయే గాని మందు లేదు. బ్రదికినవారికి మొగమున మచ్చలు మిగులును. కొందరికి కన్నులు పోవును. ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు, ఆవులకు వచ్చు మశూచిరసమును మనుష్యునికి ఎక్కించినచో ఆ మహామారి సోకదని కనుగొని, 1798లో ప్రకటించెను. ఆ రసము 1802 జూను నెలలో బొంబాయి చేరెను. మరుసటి సంవత్సరమే డ్యుబువా మైసూరు సీమలో దానిని వ్యాపింపజేయుటకు పూనుకొనెను.

ఆనాటి పద్ధతి నేటివంటిది కాదు. శీతలపేటికలు లేవు, సీసాలలో మందు నిలువ యుండదు. ఒక బిడ్డ భుజమున టీకా వేసినచో, సుమారు ఎనిమిదవ దినమున అచట పొక్కు తేలును. ఆ పొక్కునందలి రసమును తీసి వెంటనే మరియొక బిడ్డ భుజమున వేయవలెను. ఆ బిడ్డ నుండి మరియొకరికి. ఇట్లు భుజమునుండి భుజమునకు గొలుసువలె సాగవలెను. ఎచట నైనను ఒక వారము ఎవరును ముందుకు రాకున్నచో గొలుసు తెగును, మందు నశించును. ఇందులో గల చిక్కు మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏ కులపు బిడ్డ రసము ఏ కులపు బిడ్డకు ఎక్కించుట? పరదేశి చేతి మందు పుచ్చుకొన్న అమ్మవారికి కోపము రాదా? కొన్ని ప్రాంతములలో మశూచి రసమునే ఎక్కించు పాతపద్ధతి యుండెను. దానిని నమ్మినవారు దీనిని నమ్ముదురా?

ఇట్టి పనికి వైద్యశాస్త్రమునకంటె ముందు విశ్వాసము కావలెను. ఇంటింటికి తిరిగి పరిచయమున్న గురువునకు ఆ విశ్వాసము కలదు. 1803–04 సంవత్సరములలో ఆయన పర్యవేక్షణమున 25,432 మందికి టీకాలు వేయబడినట్లు లెక్క కలదు. ఈ సంఖ్యను చూడుడు. పాతికవేలు అని గుండుగుత్తగా చెప్పలేదు. జ్ఞానస్నానములను ఒక్కొక్కటిగా దస్తరమున వ్రాయు అలవాటుగల వృత్తినుండి వచ్చినవాని లెక్క యిది.

ఇదే కాలమున మైసూరు రాజకుటుంబమును, దివాను పూర్ణయ్యయు టీకాలకు అనుకూలురై యుండిరి. 1805 ప్రాంతమున హిక్కీ చిత్రించిన మైసూరు రాణుల పటమునందు ఒక రాణి తన భుజమున టీకా వేసిన తావును చూపుచున్నదని ఇటీవల ఒక చరిత్రకారుడు వ్యాఖ్యానించెను. మీద రాజమందిరపు ఆదర్శము, క్రింద ఊరి గురువు నడక. ఈ రెండును కలిసినందువలననే పని సాగినదని చెప్పుట సమంజసము. మశూచికము ప్రపంచమునుండి పూర్తిగా తొలగినట్లు 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆ విజయమునకు దారితీసిన తొలి అడుగులలో మైసూరు పల్లెలలో పడిన అడుగులును కలవు.

సత్తిహళ్లి సేద్యము

హాసన సమీపమున సత్తిహళ్లి అను గ్రామము కలదు. అచట డ్యుబువా నిరుపేద క్రైస్తవులకొరకు వ్యవసాయ నివేశనములను స్థాపించెను. మతము పుచ్చుకొన్నవాడు తరచుగా తన బంధువులకు దూరమగును, పాలేరుతనము పోవును, ఊరి నూతి దగ్గర చోటుండదు. అట్టివానికి ఉపదేశమొకటి యిచ్చి పంపివేసినచో వాని బ్రదుకు భిక్షాటనమే. ఈ సంగతిని ఆయన కన్నులార చూచెను. కావున భిక్ష పెట్టుటకంటె భూమి చూపుట మేలని తలచెను. నాగలి పట్టి తిన్నవానికి తలవంపు లేదు. నేటికిని ఆ ప్రాంతమున క్రైస్తవ గ్రామములు కలవు. ఒక మనుష్యుని దానము ఆయనతో ముగియును. ఆయన నిలిపిన పొలము మాత్రము తరతరములకు అన్నము పెట్టును.

ప్రసిద్ధమైన గ్రంథము, మరుగుపడిన తెలుగు గురువు

డ్యుబువాకు పాశ్చాత్య పండితలోకమున కీర్తి తెచ్చినది పై సేవ యేదియు కాదు. హిందువుల ఆచారములను, నడవడులను, ఉత్సవములను గూర్చి ఆయన పేర వెలసిన గ్రంథము. దాని వ్రాతప్రతిని మైసూరు రెసిడెంటు మార్కు విల్క్సు సిఫారసు చేయగా, మదరాసు గవర్నరు విలియం బెంటింకు ప్రభుత్వమున 2,000 వరహాల కది కొనబడెను. 1816లో లండనునందు ఆంగ్లానువాదము వెలువడెను. గ్రంథకర్త తరువాత సవరించి పెంచిన ప్రతి 1825లో పారిసునందు ఫ్రెంచిలో అచ్చయ్యెను. 1897లో హెన్రీ బోషాం చేసిన క్రొత్త ఆంగ్లానువాదము ఆక్స్‌ఫర్డునుండి వచ్చెను. దానికి మాక్స్ ముల్లరు పండితుడు తొలిపలుకు వ్రాసెను. ఆ గ్రంథము మూడు భాగములు: సమాజము, కులవ్యవస్థ మొదటి భాగము, బ్రాహ్మణుల నాల్గు ఆశ్రమములు రెండవ భాగము, మతము మూడవ భాగము.

శతాబ్దముపైగా ఇది ప్రత్యక్షసాక్షి వ్రాతయని ఎల్లరును నమ్మిరి. కాని 1987లో సిల్వియా మ్యూర్ అను ఫ్రెంచి విదుషి రెండు సంపుటములు ప్రకటించి ఒక నిజమును బయటపెట్టెను. 1777లో దెవో అను ఫ్రెంచి సైనికాధికారి సిద్ధపరచిన ఒక వ్రాతప్రతి ఆమెకు దొరకెను. దానికి మూలము ఏసుసభ గురువగు గాస్తోన్ లొరాన్ కేర్దూ వ్రాసిన రచన. డ్యుబువా గ్రంథములో పెద్దభాగము దానితో సరిపోలుచున్నది. అనగా మన దొడ్డస్వామి తనకు ముందటి గురువు కష్టార్జితమును పేరు చెప్పక తనదిగా చేసికొనెనన్నమాట.

ఈ కేర్దూ ఎవరు? 1691లో బూర్జ్ నగరమున పుట్టి, 1732లో భారతదేశమునకు వచ్చి, రాయలసీమ భాగమున కృష్ణాపురము మొదలగు తెలుగు తావులలో పనిచేసినవాడు. తెలుగు, సంస్కృతములు నేర్చి, ఆ భాషలకు ఫ్రెంచిలో అర్థములు చెప్పు నిఘంటువును కూర్చినవాడు. మన అద్దకపు బట్టల పనివాండ్రు రంగులు వేయు విధమును దగ్గర కూర్చుండి తెలిసికొని, 1742లో లేఖగా స్వదేశమునకు వ్రాసినవాడు. సంస్కృతమునకును లాటిను, గ్రీకు భాషలకును గల బంధుత్వమును 1767 ప్రాంతముననే పారిసు పండితులకు తెలియజేసినవాడు. విలియం జోన్సు కలకత్తాలో ఆ మాటను చెప్పిన 1786వ సంవత్సరమునకు అది దాదాపు ఇరువది యేండ్లు ముందు. ఇట్టివాడు 1779లో పుదుచ్చేరిలో మరణించెను. మరణించినది మొదలు ఆయన కృషి ఇతరుల పేర చెల్లినది.

దీనివలన మనకు తేలు ముఖ్యాంశ మొకటి కలదు. మైసూరు హిందువుల చిత్రమని లోకము చదివిన పుటలలో ఎన్నియో, పదునెనిమిదవ శతాబ్ది నడుమ తెలుగు నేలపై తెలుగు నెరిగిన ఒక గురువు చూచి వ్రాసినవి కావచ్చును. కావున తెలుగు సంఘ చరిత్రను పరిశోధించువారు ఆ గ్రంథమును తిరిగి చదువవలెను. చదువునపుడు రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, ఏది కేర్దూది, ఏది డ్యుబువాది యని వేరుపరచుకొనుట. రెండవది, ఇద్దరును మతాంతరులగుటచే మన పూజలను, ముఖ్యముగా బ్రాహ్మణులను గూర్చి చేసిన కఠిన నిర్ణయములను యథాతథముగా స్వీకరింపకుండుట. చూచినది చెప్పినచోట వారు సాక్షులు. తీర్పు చెప్పినచోట వారు వాదులు.

పంచతంత్రము, నేతగాండ్రు

తెలుగుతో డ్యుబువాకు నేరుగా గల సంబంధము పంచతంత్రము. 1826లో ఆయన పారిసునందు విష్ణుశర్మ కథలను ఫ్రెంచిలో ప్రకటించెను. తమిళము, తెలుగు, కన్నడము అను మూడు భాషల ప్రతులను ముందుంచుకొని ఆ అనువాదము చేసెను. మనకు పదునైదవ శతాబ్దిలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రము కలదు. అయినను జనులలో వచనముగా చెప్పుకొను కథల రూపము వేరు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అంతకు ఇరువదియేడు సంవత్సరముల ముందే దక్షిణదేశపు కథాపాఠము, అందు తెలుగు పాలుతో గూడ, యూరపునకు చేరెనన్నమాట. 1859లో బెన్ఫే అను జర్మను పండితుడు పంచతంత్రముయొక్క లోకసంచారమును పరిశోధించునపుడు డ్యుబువా అనువాదమును ఉపయోగించుకొనెను. అదే సంపుటమునందు వీరమాముని యను బెస్కీ గురువు వ్రాసిన పరమానందయ్య వంటి గురుశిష్యుల హాస్యకథయు చేరినది.

గ్రంథచౌర్యమును ఎత్తి చూపినపుడు, ఆయన స్వయముగా చూచి స్వయముగా వ్రాసినదానిని గూడ చెప్పుట న్యాయము. స్వదేశమునకు మరలుటకు ముందు ఆయన నేతపనివారి ప్రాంతములలో సంచరించెను. యంత్రములు నేసిన బట్ట యూరపునుండి వచ్చి పడుటచే మగ్గములు నిలిచిపోయి, సాలెవాండ్రు ఆకలితో మ్రగ్గుచుండుట చూచి, ఆ దైన్యమునకు సాటి లేదని వ్రాసెను. ఇది కేర్దూ చూచినది కాదు. కేర్దూ చూచినది రంగులతో కళకళలాడిన అద్దకపు చీరలను. ఒకే గ్రంథపరంపరలో ఒక గురువు ఆ పని వైభవమును, మరియొక గురువు దాని పతనమును చూచిరి. మన చేనేతవారి చరిత్రకు ఇంతకంటె దుఃఖకరమైన జతసాక్ష్యము లేదు. డ్యుబువా ఈ మాట వ్రాయునప్పటికి ఆయన ఆంగ్లేయ కుంపిణీవారి ఆదరమున నున్నవాడే. అయినను దాచలేదు.

నిరాశ, తిరుగు ప్రయాణము

1823 జనవరి 15వ తేదీన ఆయన ఓడ నెక్కెను. ఇంచుమించు ముప్పదియొక్క సంవత్సరముల తరువాత, మరల రానట్లు వెడలిపోయెను. కుంపిణీవారు ప్రయాణవ్యయమును, తరువాత ఉపకారవేతనమును ఇచ్చిరి. ఆ సంవత్సరమే లండనునందు ఆయన లేఖలు అచ్చయ్యెను. అందు ఆయన సంకోచము లేక ప్రకటించిన విషయ మిది: హిందువులను క్రైస్తవులనుగా మార్చుట నాటి పరిస్థితులలో అసాధ్యము, తాను ఇరువదియైదు సంవత్సరములలో చేర్చుకొన్న క్రొత్తవారు ఇన్నూరు మున్నూరు మందికి మించరు, వారిలోను నిజమైన విశ్వాసముతో వచ్చినవారు అరుదు. ఈ మాట మిషనరీలలో పిడుగువలె పడెను. 1824లో జేమ్సు హౌ, హెన్రీ టౌన్లీ అను ఇరువురు ఖండనగ్రంథములు వ్రాసిరి.

ఎవరి పక్షము సరియైనదో నిర్ణయించుట ఈ వ్యాసమునకు వెలుపలి విషయము. కాని ఒక సంగతి గమనింపదగినది. తన వృత్తి విఫలమైనదని తానే వ్రాసికొన్నవాడు, ఆ వైఫల్యపు సంవత్సరములలోనే వేలమందికి టీకాలు వేయించెను. చెదరిన కుటుంబములను కలిపెను. బీదలకు పొలము చూపెను. తాను లెక్కపెట్టిన లెక్కలో ఓడిపోయెను. జనులు లెక్కపెట్టిన లెక్కలో దొడ్డస్వామి యయ్యెను.

పారిసులో తన సంఘపు విద్యాలయమునందు పనిచేసి, 1836 మొదలు 1839 వరకు దానికి అధ్యక్షుడై, 1848 ఫిబ్రవరి 17వ తేదీన కాలధర్మము నొందెను. ఒక విప్లవము నడుమ దేశము విడిచినవాడు, మరియొక విప్లవము పారిసు వీథులలో చెలరేగుటకు అయిదు దినములు ముందు కన్నుమూసెను.

ముగింపు

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? డ్యుబువాను పూజింపనక్కరలేదు, నిందించి విడువనక్కరలేదు. పరుని గ్రంథమును తనదిగా చేసికొనుట దోషము. ఆ దోషము కేర్దూకు మాత్రమే గాక, కేర్దూకు విషయములు చెప్పిన పేరులేని తెలుగు పౌరాణికులకు, అద్దకపు పనివారికి, శాస్త్రులకు గూడ అన్యాయము చేసినది. ఆ దోషమును ఆయన పుస్తకము ఖాతాలో వ్రాయుదము. సేవను ఆయన ఊరి ఖాతాలో వ్రాయుదము. ఒకదానిచే మరియొకటి చెరుగదు.

మన సంఘములకు దీనివలన ఒక కర్తవ్యము గూడ కలుగుచున్నది. స్వస్థలమునకు దూరముగా వందల యేండ్లనుండి నివసించు జనుల చరిత్ర రాజుల శాసనములలో తక్కువగా నుండును. చిన్న ఊళ్లలోని గురువుల, పురోహితుల, మఠాధిపతుల దస్తరములలో ఎక్కువగా నుండును. ఎవరు ఏ ఊరినుండి వచ్చిరి, ఏ పేరు పెట్టుకొనిరి, ఏ ఇంటివారితో వియ్యమందిరి, ఏ సంవత్సరమున ఏ జాడ్యమున పోయిరి, ఇవన్నియు వ్రాసిపెట్టువాడు ఆయనయే. కర్ణాటకము, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రము, యానాములలోని మన తెలుగు కుటుంబముల పేరులు చర్చి పుస్తకములలోను, పురోహితుల కట్టలలోను చెదలు తినుచున్నవి. మతము నడిగి కాక, తెలుగుతనము నడిగి వాటిని వెదకి, ప్రతులు తీయించి, ఎవరు వ్రాసినవో వారి పేరుతోనే భద్రపరుపవలెను. కేర్దూకు జరిగిన అన్యాయము మన ఊళ్లలోని అజ్ఞాత లేఖకులకు జరుగకుండ చూచుట మన చేతిలోని పని.

ఈసారి రంగనాథుని సేవింప బోయినపుడు, గంజాం వైపు కొంత నడచి ఆ చిన్న దేవాలయమును గూడ చూచి రండు. ఒక పరదేశి గురువు, నిర్వాసితులైన జనుల నడుమ నిలిచి, వారి బిడ్డల భుజములు పట్టుకొని టీకాలు వేయించుటకు ఊరూర తిరిగిన కాలము అచట మీకు స్ఫురించును.